జాకెట్ కుట్టించుకోవడానికి ఎల్లారెడ్డి దాకా

కామారెడ్డిలో లేడీస్ టైలర్లకు కొదవ లేదు. మా ఒక్క వీధిలోనే నలుగురున్నారు. అయినా ఒక మామూలు జాకెట్ కుట్టించుకోవడానికి, మాడు పగిలే ఎండల్లో, నేను బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్ళొచ్చాను. ఎందుకు వెళ్ళానో ముందే చెప్పేస్తాను. లేకపోతే చదివేవాళ్ళు నాకు మతి పోయిందనుకుంటారు. చెప్పాక కూడా అనుకుంటారేమో, అది వేరే సంగతి.

నరేష్‌ది ఎల్లారెడ్డి. కామారెడ్డిలో నాతో పాటు డిగ్రీ చదివాడు. మిలిటరీలో చేరి ఆరేళ్ళయింది. మా సంగతి మా ఇంట్లో తెలియదు, వాళ్ళింట్లోనూ తెలియదు. వచ్చే సెలవుల్లో చెబుదామని ప్రతి సెలవుల్లోనూ అనుకుంటాం. ఇంతలో సరిహద్దులో యుద్ధం వచ్చి పడింది. తొమ్మిది రోజుల క్రితం అతని దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "ఫోన్లు బంద్ చేస్తున్నరు. పరేషాన్ గాకు. అన్నం తిను." అంతే. యుద్ధంలోకి పోతున్న మనిషి ప్రేమించిన పిల్లకు రాయాల్సిన మాటలేనా అవి? మొదటి రోజు కోపమొచ్చింది. రెండో రోజు నుంచి దాన్ని రోజుకు నలభైసార్లు చదివాను. అన్నం మాత్రం తినలేదు. తిన్నా రెండు ముద్దలే.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. మ్యాపులో సరిహద్దు గీత వంకరగా గీసిన పిల్లలకు మార్కులు కోసిన చేయి నాది. ఇప్పుడు వేసవి సెలవుల్లో అదే మ్యాపును గోడకు అతికించుకుని, ఆ గీత మీద అతనెక్కడున్నాడో వేలితో వెతుకుతూ కూర్చున్నాను. ఎన్నిసార్లు వెతికితే మాత్రం మ్యాపు ఏం చెబుతుంది? దేవుడా, ఇంత చదువు చదివి చివరికి నా గతి ఇదా అనుకున్నాను.

పదో రోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఒక ఆలోచన వచ్చి చేయి ఆగిపోయింది. అతనికి ఏమైనా అయితే వాళ్ళమ్మకు ఫోన్ వస్తుంది. నాకెవరు చెబుతారు? నేను పెళ్ళాన్ని కాను, నిశ్చితార్థమైన పిల్లనూ కాను. ఏ కాగితంలోనూ నా పేరు లేదు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీ చదివి తెలుసుకోవాల్సిందే. నోట్లో పేస్టు నురగతో అద్దం ముందు నిలబడి ఏడ్చాను. అదేమంత చక్కగా కనిపించలేదు.

వాళ్ళమ్మ లేడీస్ టైలర్. బస్టాండు వెనక సందు, నీలం తలుపు, "మంజుల లేడీస్ టైలర్" అని చిన్న బోర్డు. ఇవన్నీ అతను చెప్పగా విన్నవే. వాళ్ళ నాన్న మస్కట్‌లో ఉంటాడు, ఇంట్లో ఆమె ఒక్కతే. వెళ్ళి ఇల్లు చూసొస్తే చాలనుకున్నాను. వాకిట్లో ముగ్గుండి, మిషన్ తిరుగుతుంటే అతను క్షేమంగా ఉన్నట్లే. లేకపోతే లేనట్లు. ఉత్త చేతులతో వెళ్ళలేను కాబట్టి బజారులో ఒక మీటరు గుడ్డ కొన్నాను. రంగు కూడా చూడలేదు. ఇంటికొచ్చి విప్పితే వంకాయ రంగు.

మర్నాడు అమ్మకు స్కూలు పని మీద వెళుతున్నానని చెప్పి, ఎనిమిదింటికి కామారెడ్డి బస్టాండుకు చేరాను. ఎల్లారెడ్డి బస్సు ఎనిమిదీ పదికి కదిలింది. నా తర్వాత ఇలాంటి పని మీద ఎవరైనా ఆడపిల్ల బయలుదేరితే ఒక మాట. కిటికీ సీటు కావాలంటే పావుగంట ముందే రావాలి. ఆధార్ కార్డు తప్పకుండా తీసుకెళ్ళాలి. అది చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్ కొడతారు, పైసా ఇవ్వక్కర్లేదు. ప్రేమకు ప్రభుత్వం చేసే సాయం ఇంతకంటే ఏముంటుంది?

కండక్టరు లావుగా, నవ్వు ముఖంతో ఉన్న ఒకామె. నా కార్డు చూసి, నన్ను చూసి, "ఫోటోల గిట్లనే ఏడ్చినట్టున్నవేంది?" అంది. టికెట్ చించి ఇచ్చింది. ఒక చేత్తో ముందు సీటు కడ్డీ పట్టుకున్నానేమో, కార్డును గుడ్డ ఉన్న ప్లాస్టిక్ కవర్లోకి జారవిడిచాను. దీని సంగతి తర్వాత వస్తుంది.

పక్క సీట్లో ఒక అవ్వ. ఒళ్ళో పచ్చిమామిడికాయల సంచి. కూతురు ఎల్లారెడ్డిలో ఉందట, తొక్కు పెట్టించి రావడానికి పోతోంది.

"నువ్వు ఏడికి పోతున్నవ్ బిడ్డా?"

"ఎల్లారెడ్డికే అవ్వా. జాకెట్ కుట్టిచ్చుకుందామని."

అవ్వ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "కామారెడ్డిల టైలర్లంత యాడ పోయిండ్రు?"

"ఆమె మంచిగ కుడుతదట అవ్వా."

"గంత మంచిగ కుడితే ఆమెనే కామారెడ్డికి దుకాణం తెచ్చుకోకపోవునా?" అంది అవ్వ. రాత్రంతా ఆలోచించి నేను కట్టిన అబద్ధాన్ని ఆమె తాడ్వాయి రాకముందే కూల్చేసింది.

తాడ్వాయి దాటాక వెనక సీట్లో ఒకాయన ఫోన్లో యుద్ధం వీడియో పెద్ద సౌండుతో పెట్టాడు. విమానాలు, మంటలు. "మనోళ్ళు దంచుతున్రు సూడు, ఇంక నాలుగు ఎయ్యాలె," అని పక్కాయనకు చూపిస్తున్నాడు. క్రికెట్ స్కోరు చెప్పినట్టే చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. లేచి వెనక్కి తిరిగాను.

"అన్నా, గది నిజం వీడియో గాదు. మా స్కూల్ల పోరగాండ్లు ఆడే గేమ్. సౌండ్ తగ్గియ్."

బస్సంతా నవ్వింది. ఆయన ముఖం మాడ్చుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నేను కూర్చున్నాను. అవ్వ సంచిలోంచి ఒక మామిడికాయ తీసి నా చేతిలో పెట్టింది.

లింగంపేటలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఛాయ్ పది రూపాయలు, బాగుంది. వేడి వేడి మిర్చీలు కూడా ఉన్నాయి, వాసన బాగానే వచ్చింది. నేను తినలేదు. తినకుండా ఉంటే అతను క్షేమంగా ఉంటాడని నాలో ఎక్కడో ఒక మొక్కులాంటిది ఉండేదేమో తెలియదు. అతను రాసింది మాత్రం తినమనే. మాట వినే రకాన్ని అయితే నేను నేనెందుకవుతాను!

తొమ్మిదీ యాభైకి ఎల్లారెడ్డి చేరాం. బస్టాండు వెనక సందు ఎవరినీ అడగకుండానే దొరికింది. నీలం తలుపు తెరిచే ఉంది. వాకిట్లో ముగ్గుంది. నాలుగు గీతల చిన్న ముగ్గు, వంకరగా ఉంది. మార్కులు కోయలేదు. లోపల మిషన్ టకటకమని తిరుగుతోంది. నా పని అక్కడితో అయిపోయింది, వెనక్కి వచ్చేయాల్సింది. కానీ కాళ్ళు లోపలికే పోయాయి.

ఆమె మిషన్ ముందు కూర్చుని ఉంది. సన్నగా, మెడలో టేపు వేసుకుని, అచ్చం అతని ముక్కుతో.

"రా బిడ్డా, కూసో. పేరేంది?"

"కవిత," అన్నాను. ఇది ముందే అనుకున్నది.

"ఏ ఊరు?"

"లింగంపేట." ఇదీ అనుకున్నదే.

"అవునా? మా తల్లిగారిది గా ఊరే. ఎవలింటి పిల్లవు?"

చచ్చాను. మన దిక్కు ఊరి పేరు చెప్పాక ఎవరైనా అడిగే మొదటి మాటే అది. రాత్రంతా ఆలోచించిన మనిషికి ఆ సంగతి తట్టలేదు. "కిరాయికుంటమండి. కొత్తగ వచ్చినం," అన్నాను. ఆమె తల ఊపింది.

"ఆది జాకెట్ తెచ్చినవా?"

తేలేదు. కొత్త జాకెట్ కుట్టించుకునేవాళ్ళు కొలత కోసం పాత జాకెట్ తీసుకెళ్ళాలని చిన్నపిల్లకైనా తెలుసు. పుస్తకం తేని పిల్లల్ని నేను బెంచీ ఎక్కిస్తాను. నన్ను ఇక్కడ ఏం ఎక్కించాలో!

"సరే, నిలబడు. టేపు పెట్టి తీస్త."

ఆమె నా ముందు నిలబడి కొలతలు తీయడం మొదలుపెట్టింది. నడుము, చంక, మెడ. ఆమె చేతులకు సుద్ద, నూనె కలిసిన వాసన. ఎడమ భుజం దగ్గర ఆగింది. మళ్ళీ కొలిచింది. కుడి భుజం కొలిచి, మూడోసారి ఎడమ భుజం కొలిచింది.

"సంచి ఎప్పటికి ఎడమ దిక్కే ఏసుకుంటవా?"

"చిన్నప్పటిసంది గంతే."

"ఊఁ," అంది. టేపు మళ్ళీ మెడలో వేసుకుంది. కొలతలు పుస్తకంలో రాసుకోలేదు. అడిగితే, "యాదుంటయి తియ్," అంది. నా పేరు, ఫోన్ నంబరు మాత్రం రసీదు మీద రాసింది. నంబరులో నేను ఒక అంకె మార్చి చెప్పాను. నేరస్తులు ఎంత జాగ్రత్తగా ఉంటారో నాకు ఆ రోజు అర్థమైంది.

గోడకు యూనిఫాంలో అతని ఫోటో ఉంది. అదే ఫోటో నా ఫోన్లో "ఏడో తరగతి ప్రశ్నపత్రాలు" అనే ఫోల్డర్లో ఉంది. దాని కిందున్న టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. నాకేమీ పట్టనట్టు అడిగాను. "గా ఫోటోల ఎవలండి?"

"మా కొడుకు. మిల్ట్రీల ఉన్నడు. లొల్లి మొదలైనకాడికెళ్ళి టీవీ పెడ్తలేను. అండ్ల మావోని ముచ్చట ఎట్లాగూ రాదు, గుండెలు మాత్రం ఆగుతయ్."

"ఫోన్ చేస్తుండా?"

"నాలుగు రోజుల కింద చేసిండు. వాళ్ళ సారు ఫోన్ కెల్లి. మంచిగున్ననే అమ్మా అన్నడు. అన్నం తిన్నవా అన్నడు. పెట్టేసిండు."

నాలుగు రోజుల కిందట అతను బతికే ఉన్నాడు. మాట్లాడాడు. అన్నం గురించే మాట్లాడాడు. ఆ మాట నాకొక్కదానికే అంటాడని ఇన్నేళ్ళూ మురిసిపోయిన దద్దమ్మను నేను. అందరికీ అదే అంటాడన్నమాట! నవ్వబోతే కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. ఎంత ఆపినా ఆగలేదు.

"ఏమైంది బిడ్డా?"

"సూది గుచ్చుకున్నది," అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "నేనింక సూది ముట్టనే లేదు కద," అంది నెమ్మదిగా. తర్వాత నా వంకాయ రంగు గుడ్డ కవరు తీసుకుని పక్కన పెట్టింది. "ఈ రంగు నీకు మంచిగుండదు. ఎవలు కొనిచ్చిండ్రోగని." నేనే కొన్నానని చెప్పలేదు.

పప్పుచారు ఉంది, ఇంత తిని పొమ్మంది. ఇంకో పావుగంట ఉంటే నోరు జారుతానని భయమేసి, బస్సుకు టైమైందని లేచాను. ఆమె మరోసారి అడిగింది. వద్దన్నాను. గడప దాటేటప్పుడు నేను ఏదో చెబుతానని ఎదురు చూస్తున్నట్టు నిలబడింది. నేను "పోయొస్తనండి" అన్నాను. అంతకంటే తెలివైన మాట నాకు దొరకలేదు.

పదకొండున్నరకల్లా బస్టాండులో ఉన్నాను. పన్నెండూ అయిదుకు కామారెడ్డి బస్సు. పొద్దున వచ్చిన బస్సే, అదే కండక్టరు. "జాకెట్ కుట్టుడైందా?" అని నవ్వి, "కార్డు చూపియ్," అంది. పర్సు చూశాను. సంచి చూశాను. సంచి తిరగేశాను. మామిడికాయ దొరికింది, కార్డు దొరకలేదు. అప్పుడు గుర్తొచ్చింది, అది గుడ్డ కవర్లో ఉంది. కవరు మంజుల లేడీస్ టైలర్‌లో ఉంది.

దొంగ పేరుతో దొంగతనంగా వెళ్ళి, నా అసలు పేరు, ఫోటో, పుట్టిన తేదీ, మా ఇంటి అడ్రసు అన్నీ వాళ్ళమ్మ చేతికి స్వయంగా ఇచ్చి వచ్చాను. పైగా ప్రభుత్వ ముద్రతో.

"కార్డు లేకుంటే పైసలు గట్టాలె బిడ్డా," అంది కండక్టరు. పర్సు తీస్తుంటే బయట ఎవరో పిలుస్తున్నారు. "కవితా! ఓ కవితా!" నేను పట్టించుకోలేదు. కవితను నేనేనని మర్చిపోయాను. ఈసారి ఇంకా గట్టిగా వినిపించింది. "స్రవంతీ!"

చటుక్కున తల తిప్పాను. బస్సులో ఉన్నవాళ్ళంతా తిప్పారు. కిటికీ బయట ఆమె, ఎండలో పరుగెత్తి వచ్చి ఆయాసపడుతోంది. మెడలో టేపు అలాగే ఉంది. చేతిలో నా కార్డు.

"ఇద్దరిట్ల ఎవలు నువ్వు?" అంది. నవ్వడం లేదు. కోపంగానూ లేదు.

నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. "స్రవంతిని. తప్పయింది."

"కార్డు సూసి ఎరుక పట్టిన్ననుకుంటున్నవా? టేపు పెట్టినప్పుడే తెలిసింది. నీ ఎడమ భుజం అర ఇంచు దిగి ఉంటది. పోయిన సెలవులల్ల మావోడు పచ్చ జాకెట్ ఒకటి తెచ్చి, దీని ఆదికి పట్టుగుడ్డ కుట్టు అన్నడు. ఎవలదిరా అంటే దోస్తు చెల్లెలిది అన్నడు. దోస్తు చెల్లెలికి ఎవడన్న పట్టు జాకెట్ కుట్టిపిస్తడా?"

ఆ పచ్చ జాకెట్ కథ చెప్పాలి. పోయిన సెలవుల్లో "పాతదొకటి ఇయ్యి" అని అడిగి తీసుకెళ్ళాడు. ఎందుకంటే "ఊకెనే" అన్నాడు. అది మంచు కొండల్లో అతని ట్రంకుపెట్టెలో, మడత నలగకుండా ఉందని నేను నెలల తరబడి ఊహించుకున్నాను. రాత్రిళ్ళు దాన్ని చూసుకుంటాడనుకుని సిగ్గుపడ్డాను కూడా.

"అది యాడ ఉన్నది?" అని అడిగాను.

"మేకుకు. పొద్దున నువ్వు దాని కిందనే కూసున్నవ్."

కండక్టరు పైసలూ టికెట్టూ మర్చిపోయి మా వైపే చూస్తోంది.

"పట్టుగుడ్డ ఇంక కొయ్యలే," అంది ఆమె. గొంతు తగ్గింది. "కత్తెర పట్టుకుంట, మల్ల పెడ్త. వాడు వచ్చినంకనే కోద్దామని." కొంగుతో చెమట తుడుచుకుంది. "నువ్వు నోరు తెరిచి చెప్తవేమోనని సూసిన. పప్పుచారుకు గూడ ఉండకపోతివి."

"భయమైంది."

"నాకు లేదా భయం? ఒక్కదాన్నే ఉంటున్న. ఎవలతోని చెప్పుకోవాలె?"

నాకెవరు చెబుతారని మాత్రమే ఏడ్చానుగానీ, ఆమె ఎవరికి చెప్పుకుంటుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె కార్డు నా చేతిలో పెట్టి, రసీదు పుస్తకం తీసింది. "గీ నంబరు గూడ దొంగదే గద? నిజమైంది చెప్పు."

చెప్పాను. నా నంబరు నాకే రెండుసార్లు తప్పు పోయింది. ఆమె సుద్దతో రాసుకుంది, పెన్ను తేలేదట. బస్సు కదిలింది. ఆమె కిటికీ పట్టుకుని నాలుగడుగులు పక్కనే నడిచింది.

"ఏదన్న తెలిస్తే ముందుగాల నీకే చేస్త. మంచిదైనా, ఏదైనా."

లింగంపేట దాటాక కండక్టరు జీరో టికెట్ చించి ఒళ్ళో పెట్టి, "కార్డు మల్ల పోగొట్టుకునేవు," అని మాత్రం అంది. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. నా మనసు ఎంత తేలికైందో చెప్పలేను. అనుకున్న పని అయింది. ఇక జిల్లా పేజీ చూడక్కర్లేదు. నా నంబరు ఒకరి దగ్గరుంది. ఏమైనా ఉంటే నా ఫోన్ మోగుతుంది.

తాడ్వాయి దగ్గర నా ఫోన్ మోగింది.

తెలియని నంబరు. నీలం తలుపు సందు, సుద్ద, మెడలో టేపు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. కోరుకున్నదేమిటో అప్పుడు అర్థమైంది నాకు. ఫోన్ రావాలని కోరుకుని నలభై కిలోమీటర్లు పోయాను. ఇప్పుడది నా అరచేతిలో మోగుతుంటే ఎత్తడానికి చేయి రావడం లేదు. అయిదుసార్లు మోగింది. "ఎత్తరాదు బిడ్డా," అంది కండక్టరు. ఎత్తాను.

"నేనే," అంది ఆమె. "చేతులు ఎంత పొడుగు పెట్టాలె? అడుగుడే మరిచిన."

నేను కళ్ళు మూసుకుని సీటుకు తల ఆనించాను.

"మోచేతుల దాకా, అత్తమ్మా."

నోట్లోంచి వచ్చేశాక గానీ తెలియలేదు. అటు వైపు మిషన్ టకటక ఆగింది.

"మంచిది," అంది చివరికి. "ఇంటికి పోయి అన్నం తిను." పెట్టేసింది.

ఒంటిగంటన్నరకు కామారెడ్డిలో దిగాను. ఎల్లారెడ్డిలో చూడదగ్గవి ఏమున్నాయని ఎవరైనా అడిగితే నాకు తెలియదు. ఒక సందు, ఒక ముగ్గు చూశాను, ఒక మేకు కింద కూర్చుని కూడా దాన్ని చూడలేదు. ఇంటికెళ్ళి పళ్ళెం పెట్టుకుని రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాను. అవ్వ ఇచ్చిన మామిడికాయ ఉప్పూ కారంతో కోసుకున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ, "ఎండదెబ్బ గిట్ల తాకిందా ఏంది నీకు?" అంది. ఫోన్ పళ్ళెం పక్కనే పెట్టుకున్నాను.